బతికున్న మొక్క కణంలో హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను చూడటం: బయోసెన్సర్ల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

మొక్కల శరీరధర్మశాస్త్రంలోనో, తెగుళ్ల పరిశోధనలోనో పనిచేస్తూ మొదటిసారి కాన్ఫోకల్ సూక్ష్మదర్శిని ముందు కూర్చోబోయే విద్యార్థులు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలకు ఇక్కడ సమాధానాలు రాశాను. కొన్నిటికి రెండు వాక్యాలు సరిపోయాయి. నిష్పత్తి, పీహెచ్, క్రమాంకనం అనే మూడింటి దగ్గర మాత్రం కావాలనే ఎక్కువసేపు ఆగాను, ఎందుకంటే పొరపాట్లలో ఎక్కువ భాగం అక్కడే జరుగుతాయి.

ప్రశ్న: రియాక్టివ్ ఆక్సిజన్ స్పీషీస్ (ఆర్‌ఓఎస్, అంటే చురుగ్గా చర్య జరిపే ఆక్సిజన్ రూపాలు) అన్నిటినీ ఒకే సెన్సర్‌తో చూడవచ్చా?

చూడలేం. ఆ పేరు కింద సూపరాక్సైడ్, హైడ్రోజన్ పెరాక్సైడ్, హైడ్రాక్సిల్ రాడికల్, సింగ్లెట్ ఆక్సిజన్ అనే నాలుగు వేర్వేరు పదార్థాలు ఉన్నాయి, వాటి స్వభావాలు ఒకదానితో ఒకటి కలవవు. హైడ్రాక్సిల్ రాడికల్ పుట్టిన చోటే ఎదురుగా ఉన్న అణువు మీద పడి క్షణంలో వెయ్యోవంతు కూడా గడవకముందే మాయమవుతుంది. సింగ్లెట్ ఆక్సిజన్ నీటిలో కొన్ని మైక్రోసెకన్లకు మించి నిలవదు. వీటితో పోలిస్తే హైడ్రోజన్ పెరాక్సైడ్‌కు స్థిరత్వం ఉంది, విద్యుదావేశం లేదు, ఆక్వాపోరిన్లనే నీటి ద్వారాల గుండా పొరలను దాటగలదు. కణంలో ఒక చోటు నుంచి మరో చోటికి కబురు మోయగలిగినది ముఖ్యంగా అదే. ఈనాడు మొక్కల్లో నమ్మకంగా వాడుతున్న జన్యుపరమైన బయోసెన్సర్లు (మొక్క తానే తయారుచేసుకునేలా జన్యువుగా పెట్టిన, వెలిగే సెన్సర్ ప్రోటీన్లు) ప్రధానంగా హైడ్రోజన్ పెరాక్సైడ్‌కు సంబంధించినవే. కనుక “ఆర్‌ఓఎస్ పెరిగింది” అని రాయకండి, ఏది పెరిగిందో రాయండి.

ప్రశ్న: డీఏబీ, ఎన్‌బీటీ, డీసీఎఫ్ వంటి రంగులు ఉండగా బయోసెన్సర్ ఎందుకు?

డీఏబీతో ఆకును నానబెట్టి, వేడి ఆల్కహాల్‌లో పత్రహరితాన్ని తీసేస్తే పెరాక్సైడ్ ఉన్న చోట గోధుమరంగు మిగులుతుంది. ఎన్‌బీటీతో సూపరాక్సైడ్ ఉన్న చోట నీలం మిగులుతుంది. ఈ రెండు పద్ధతులకూ వాటి ప్రయోజనం వాటికి ఉంది, పొలం నుంచి తెచ్చిన ఆకు మీద కూడా చేయవచ్చు. అయితే చివరికి చేతిలో ఉండేది చనిపోయిన ఆకు, ఒకే ఒక్క క్షణపు ముద్ర. పది నిమిషాల క్రితం ఏం జరిగిందో, ఆ తర్వాత కణం కోలుకుందో లేదో అది చెప్పలేదు.

డీసీఎఫ్ రంగు బతికున్న కణంలోకి వెళుతుంది కాబట్టి చాలామంది దానివైపు మొగ్గుతారు. కానీ అది హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో నేరుగా చర్య జరపదు, మధ్యలో ఇనుమో పెరాక్సిడేజ్ అనే ఎంజైమో ఉండాలి. చూడటానికి వేసే లేజర్ కాంతి వల్లే కొంత ఆక్సీకరణ చెందుతుంది. ఒకసారి వెలిగాక వెనక్కి రాదు. మొత్తం మొక్కలో ఆక్సీకరణ ఎటు పాకుతోందో చూడటానికి పనికివచ్చే ఈ రంగును, కణంలో ఏ భాగంలో ఎంత ఉందో చెప్పమని అడగడం సరికాదు.

ప్రశ్న: సెన్సర్ ప్రోటీన్ పెరాక్సైడ్‌ను ఎలా గుర్తిస్తుంది?

దీని మూలం ఎక్వోరియా విక్టోరియా అనే జెల్లీచేపలోని ఆకుపచ్చ ప్రతిదీప్తి ప్రోటీన్. దాని మీద పనికి 2008లో షిమోమురా, చాల్ఫీ, చెన్ అనే ముగ్గురికి రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ ప్రోటీన్‌కు పెరాక్సైడ్‌ను గుర్తుపట్టే మరో ప్రోటీన్‌ను జతచేస్తే సెన్సర్ తయారవుతుంది.

2006లో మాస్కోలోని పరిశోధకులు తయారుచేసిన హైపర్ అనే సెన్సర్‌లో, ఇ. కోలై బ్యాక్టీరియా తన రక్షణకు వాడుకునే ఆక్సీఆర్ ప్రోటీన్ మధ్యలో పసుపుపచ్చ ప్రతిదీప్తి ప్రోటీన్‌ను ఇరికించారు. పెరాక్సైడ్ తగలగానే ఆక్సీఆర్‌లోని 199వ, 208వ స్థానాల సిస్టీన్లు డైసల్ఫైడ్ బంధంతో ముడిపడతాయి. ఆ ముడికి ప్రోటీన్ ఆకృతి మారుతుంది, దానితో 420 నానోమీటర్ల దగ్గర కాంతి శోషణ తగ్గి 500 దగ్గర పెరుగుతుంది.

రెండో కుటుంబం ఆర్‌ఓజీఎఫ్‌పీ2-ఓఆర్‌పీ1. ఇందులో ఈస్ట్ నుంచి తెచ్చిన ఓఆర్‌పీ1 అనే పెరాక్సిడేజ్ ముందుగా పెరాక్సైడ్‌తో చర్య జరిపి, ఆ ఆక్సీకరణను పక్కనే ఉన్న ఆర్‌ఓజీఎఫ్‌పీ2కు, అంటే ఆక్సీకరణకు స్పందించేలా మార్చిన ఆకుపచ్చ ప్రతిదీప్తి ప్రోటీన్‌కు, చేతులు మారుస్తుంది. హైడెల్‌బర్గ్ పరిశోధకులు దీన్ని 2009లో ప్రకటించారు. ఆక్సీకరణ జరిగితే 405 నానోమీటర్ల కాంతికి ఇచ్చే వెలుగు పెరుగుతుంది, 488కి ఇచ్చేది తగ్గుతుంది.

రెండింటిలోనూ మనం తీసుకునేది రెండు వెలుగుల నిష్పత్తి. ఒక కణంలో సెన్సర్ ఎక్కువ, పక్క కణంలో తక్కువ ఉన్నా, కణం మందం మారినా, ఫోకస్ కొంచెం జరిగినా రెండు వెలుగులూ కలిసే మారతాయి కాబట్టి నిష్పత్తి చాలావరకు నిలకడగా ఉంటుంది.

ప్రశ్న: హైపర్ ఎంచుకోవాలా, ఆర్‌ఓజీఎఫ్‌పీ2-ఓఆర్‌పీ1 ఎంచుకోవాలా?

కొత్తగా మొదలుపెట్టేవారికి నా సలహా ఆర్‌ఓజీఎఫ్‌పీ2-ఓఆర్‌పీ1. మొక్క కణాల్లో మామూలుగా ఉండే పీహెచ్ పరిధిలో దాని నిష్పత్తి కదలదు. మరింత సున్నితమైనది కావాలంటే 2020లో వచ్చిన హైపర్7 ఉంది. దానికి నైసీరియా మెనింజైటిడిస్ అనే బ్యాక్టీరియాలోని ఆక్సీఆర్‌ను వాడారు, పాత హైపర్‌కు ఉన్న పీహెచ్ బెడద దీనికి లేదు. పాత హైపర్, హైపర్2 మొక్కలు మీ ప్రయోగశాలలో ఇప్పటికే ఉంటే వాటినే వాడవచ్చు, కానీ కింది సమాధానం చదవకుండా మాత్రం వాడకండి.

గ్లూటారెడాక్సిన్ జతచేసిన జీఆర్‌ఎక్స్1-ఆర్‌ఓజీఎఫ్‌పీ2 అనేది మూడోది. పేరు దగ్గరగా ఉండటంతో తరచూ తికమకపడతారు. అది చెప్పేది పెరాక్సైడ్ గురించి కాదు, గ్లూటాథయోన్ రెడాక్స్ పొటెన్షియల్ గురించి, అంటే కణంలో ఆక్సీకరణను సరిదిద్దే గ్లూటాథయోన్ అనే చిన్న అణువు ఎంతవరకు ఆక్సీకరణ చెందిందన్న దాని గురించి.

ప్రశ్న: పీహెచ్ గురించి అందరూ ఎందుకంత భయపెడతారు?

దీనికి నా పొరపాటే చెబుతాను. పరిశోధన మొదలుపెట్టిన కొత్తలో హరితరేణువుల్లో హైపర్ ఉన్న ఆకును చీకట్లో ఉంచి, తెల్లని దీపం వేసి, వెంటనే నిష్పత్తి చూశాను. దీపం వేసిన నిమిషంలో అంకె ఎగబాకింది. దీపం తీస్తే దిగింది. మళ్లీ వేస్తే మళ్లీ ఎగబాకింది. కాంతి పడగానే హరితరేణువులో పెరాక్సైడ్ పుడుతోందని అప్పటికప్పుడే నోట్‌బుక్‌లో రాసేసుకున్నాను. రెండు వారాల తర్వాత అదే ప్రయోగాన్ని సైఫర్‌తో చేశాను. సైఫర్ అంటే 199వ సిస్టీన్‌ను మార్చేసిన హైపర్. దానికి పెరాక్సైడ్ కనిపించదు, పీహెచ్ మాత్రం కనిపిస్తుంది. దీపం వేయగానే సైఫర్ నిష్పత్తి కూడా దాదాపు అదే వాలుతో ఎగబాకింది. ఆ రెండు వారాల పేజీలన్నీ పనికిరాకుండా పోయాయి.

జరిగింది ఇది. కిరణజన్య సంయోగక్రియ మొదలుకాగానే ప్రోటాన్లు స్ట్రోమా (హరితరేణువు లోపలి ద్రవం) నుంచి థైలకాయిడ్లనే పొర సంచుల లోపలికి వెళతాయి. దాంతో స్ట్రోమా పీహెచ్ సుమారు 7 నుంచి 8 వైపు పెరుగుతుంది. పీహెచ్ పెరిగితే పాత హైపర్ నిష్పత్తి పెరుగుతుంది, పెరాక్సైడ్ ఒక్క అణువు కూడా పెరగనవసరం లేదు. హరితరేణువుల్లోనే కాదు, రోగకారక సంకేతం తగిలినప్పుడు, ఉప్పు వేసినప్పుడు, ఆక్సిజన్ తగ్గినప్పుడు కణద్రవ్యంలోనూ పీహెచ్ కదులుతుంది. అంటే మనం పెరాక్సైడ్ కోసం వెతికే సందర్భాలే పీహెచ్ మారే సందర్భాలు కూడా. పాత హైపర్‌తో చేసిన ప్రతి ప్రయోగానికీ పక్కనే సైఫర్ ఉన్న మొక్క, అదే రోజు, అదే అమరికతో ఉండి తీరాలి.

ప్రశ్న: నిష్పత్తి రెట్టింపయితే పెరాక్సైడ్ గాఢత రెట్టింపయినట్టేనా?

కాదు. ఈ పేజీలో ఒక్క సమాధానమే చదివే ఓపిక ఉంటే ఇదే చదవమని కోరుతాను.

సెన్సర్‌ను పెరాక్సైడ్ ఒకవైపు ఆక్సీకరిస్తూ ఉంటే, కణంలోని గ్లూటాథయోన్, గ్లూటారెడాక్సిన్, థయోరెడాక్సిన్ వ్యవస్థలు మరోవైపు దాన్ని ఎప్పటికప్పుడు క్షయకరణ చేస్తూ ఉంటాయి. మన కంటికి కనిపించే నిష్పత్తి ఈ రెండు వేగాల మధ్య కుదిరిన సమతూకం. అడుగున చిల్లు ఉన్న తొట్టిలోకి నీళ్లు వదిలినప్పుడు నీటిమట్టం వచ్చే నీటి మీదా, పోయే నీటి మీదా ఆధారపడినట్టే ఇది. మట్టం పెరిగిందంటే నీళ్లు ఎక్కువ వస్తూ ఉండవచ్చు, లేదా చిల్లు పూడుకుపోయి ఉండవచ్చు.

అందుకే ఒక ఉత్పరివర్తన మొక్కలో ఆర్‌ఓజీఎఫ్‌పీ2-ఓఆర్‌పీ1 ఎక్కువ ఆక్సీకరణ చెంది కనిపిస్తే, “ఈ మొక్కలో పెరాక్సైడ్ ఎక్కువ” అని వెంటనే తేల్చలేం. ఆ మొక్కలో గ్లూటాథయోన్ వ్యవస్థే బలహీనపడి ఉండవచ్చు. అదే మొక్కలో జీఆర్‌ఎక్స్1-ఆర్‌ఓజీఎఫ్‌పీ2ను కూడా చూసి, అక్కడ మార్పు లేకపోతేనే మొదటి వాదనకు బలం వస్తుంది. ప్రచురితమైన వ్యాసాల్లో సైతం సెన్సర్ నిష్పత్తిని మైక్రోమోలార్లలోకి మార్చి రాయడం కనిపిస్తుంది. కణం బయట పోసిన పెరాక్సైడ్ గాఢతకూ, పెరాక్సైడ్‌ను విరిచే కాటలేజులు, పెరాక్సిడేజులు దాటి లోపలికి చేరిన గాఢతకూ పొంతన ఉండదు కనుక ఆ మార్పిడిని నేను అంగీకరించలేను. “కణద్రవ్యంలో సెన్సర్ ఆక్సీకరణ 20 శాతం నుంచి 60 శాతానికి చేరింది” అన్న వాక్యం చిన్నదిగా కనిపించినా నిజమైనది.

ప్రశ్న: ఆ శాతం ఎలా లెక్కిస్తారు? క్రమాంకనం ఎప్పుడు చేయాలి?

ప్రతి నమూనాకూ, ప్రయోగం చివర్లో, అదే అమరికల మీద చేయాలి. ముందుగా 10 మిల్లీమోలార్ డీటీటీ అనే క్షయకరణ రసాయనం పోస్తే సెన్సర్ పూర్తిగా క్షయకరణ చెంది నిష్పత్తి అట్టడుగుకు వస్తుంది. దాన్ని కడిగేసి 10 మిల్లీమోలార్ల స్థాయిలో హైడ్రోజన్ పెరాక్సైడ్ పోస్తే నిష్పత్తి గరిష్ఠానికి చేరుతుంది. ప్రయోగంలో వచ్చిన అంకె ఈ రెండు అంచుల మధ్య ఎక్కడ ఉందో చూసి, 488 దగ్గరి వెలుగు రెండు స్థితుల్లో ఎంత మారిందో దానితో సవరించి ఆక్సీకరణ శాతాన్ని లెక్కిస్తారు. నిన్నటి అంచులు ఈరోజుకు పనికిరావు. లేజర్ శక్తి, డిటెక్టర్ వోల్టేజి కొంచెం మారినా నిష్పత్తి మొత్తం జరిగిపోతుంది.

డీటీటీ ద్రావణాన్ని ఆ రోజే కలుపుకోండి. గాలి తగిలిన పాత ద్రావణం సెన్సర్‌ను పూర్తిగా క్షయకరణ చేయదు, అప్పుడు మీ అట్టడుగు తప్పుతుంది, దాని మీద కట్టిన లెక్కలన్నీ తప్పుతాయి.

ప్రశ్న: నమూనాను ఎలా అమర్చాలి?

ప్రయోగశాలల్లో ఎక్కువగా వాడే అరబిడాప్సిస్ అనే చిన్న మొక్క మొలక అయితే ఐదు నుంచి ఏడు రోజుల వయసులో తీసుకోవడం సులువు. అగార్ నుంచి ఎత్తేటప్పుడు పట్టుకారుతో వేరును పట్టుకోవద్దు, బీజదళాల కిందుగా పట్టుకారును చొప్పించి మొలకను దానిమీద మోసుకొస్తున్నట్టు తీయాలి. గాజుపలక మీది ద్రవంలో వేరును పరిచి, దూది పొరతోనో అగార్ ముక్కతోనో అదిమి, దాని గుండా ద్రావణం మెల్లగా పారేలా చూడాలి. ఆ తర్వాత కనీసం ఇరవై నిమిషాలు ఏమీ చేయకుండా వదిలేయాలి. తాకినందుకే, వంచినందుకే వేరు స్పందిస్తుంది. మొదటి పది నిమిషాల రేఖను గమనిస్తే అది పైనుంచి మెల్లగా దిగుతూ వచ్చి తర్వాత చదునవుతుంది. ఆ దిగడం మీ చేతి తాకిడికి మొలక ఇచ్చిన జవాబు. రేఖ చదునయ్యాకే మందు పోయాలి. మందు లేని అదే ద్రావణాన్ని అదే వేగంతో ముందుగా ఒకసారి పోసి, రేఖ కదలడం లేదని చూసుకోవాలి.

ఆకు ముక్కలతో ఎక్కువ నమూనాలు కావాలంటే బహుగుంటల పలకను చదివే ఫ్లోరిమీటర్ మేలు. కణం ఆనవాలు కనిపించదు కానీ గంటల తరబడి పదుల ముక్కలను ఒకేసారి కొలవవచ్చు.

ప్రశ్న: లేజర్ కాంతి వల్లే మొక్క మారిపోదా?

మారుతుంది. జంతు కణాల మీద పనిచేసేవారికి లేని ఇబ్బంది ఇది. మనం వేసే 405, 488 నానోమీటర్ల కిరణాలు మొక్కకు నీలికాంతి. ఫోటోట్రోపిన్లు, క్రిప్టోక్రోమ్‌లు దాన్ని చూస్తాయి, పత్రరంధ్రాలు కదులుతాయి, హరితరేణువులు జరుగుతాయి, పత్రహరితం ఆ కాంతిని మింగి తానే పెరాక్సైడ్ పుట్టిస్తుంది. కాబట్టి వేయగలిగినంత తక్కువ లేజర్ శక్తి వేసి, అరనిమిషానికో నిమిషానికో ఒక చిత్రం తీస్తే చాలు. ఏ మందూ పోయని మొక్కను అదే వ్యవధిలో అన్నిసార్లు చిత్రించి, ఆ రేఖ చదునుగా ఉందని చూపాలి.

రెండు లేజర్లనూ చిత్రం తర్వాత చిత్రంగా కాక, గీత తర్వాత గీతగా మార్చండి. కణద్రవ్యం ప్రవహిస్తూ ఉంటుంది. రెండు చిత్రాల మధ్య రెండు సెకన్లు గడిస్తే హరితరేణువు ఒక చిత్రంలో ఒకచోట, మరో చిత్రంలో ఇంకోచోట ఉంటుంది, దాని అంచున లేని పెరాక్సైడ్ ఎర్రగా మెరుస్తుంది.

ప్రశ్న: పత్రహరితం, కణకవచం సొంతంగా ఇచ్చే వెలుగును ఎలా వేరుచేయాలి?

పత్రహరితం వెలుగు 650 నానోమీటర్లు దాటాక మొదలవుతుంది కాబట్టి, సెన్సర్ వెలుగును 505 నుంచి 530 మధ్య తీసుకుంటే అది పెద్దగా అడ్డురాదు. కణకవచంలోని లిగ్నిన్, ఫినాలిక్ పదార్థాలు మాత్రం 405 కాంతికి నీలం నుంచి ఆకుపచ్చ దాకా వెలుగుతాయి. సెన్సర్ లేని మొక్కను అదే అమరికతో చిత్రించి ఆ వెలుగెంతో తెలుసుకోండి. 430 నుంచి 470 మధ్య మూడో చానల్ పెట్టి దాని ఆధారంగా తీసివేయండి. ముదురు వేళ్లలో, తెగులు సోకి చనిపోతున్న కణాల చుట్టూ ఈ సొంత వెలుగు బాగా పెరుగుతుంది. ఆక్సీకరణ పెరిగిందని అనిపించేదీ సరిగ్గా అక్కడే.

ప్రశ్న: కణం బయటి ఖాళీల్లో పెరాక్సైడ్ పేలుడును (ఒక్కసారిగా ఎగసిపడటాన్ని) ఈ సెన్సర్లతో చూడలేమా?

ఇప్పటి సెన్సర్లతో కష్టం. కణకవచాల మధ్య చోటు ఆమ్లస్వభావం గలది, అక్కడ ఈ ప్రోటీన్ల వెలుగు మసకబారుతుంది. పైగా సెన్సర్‌ను తిరిగి క్షయకరణ చేసే గ్లూటాథయోన్ వ్యవస్థ అక్కడ లేదు కాబట్టి అది మొదటి నుంచే పూర్తి ఆక్సీకరణలో కూరుకుపోయి ఉంటుంది. అక్కడికి, పెరాక్సైడ్ ఉంటే వెలుగునిచ్చే రసాయనమైన లుమినాల్ పరీక్షే దిక్కు.

ప్రశ్న: ఈ పద్ధతితో నిజంగా కొత్తగా తెలిసినవి ఏమిటి?

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది 2017లో బ్రిటన్‌లోని ఎసెక్స్ విశ్వవిద్యాలయం వారు నికోషియానా బెంథామియానా అనే పొగాకు జాతి మొక్క ఆకు మీద చేసిన పని. ఆ ఆకు బాహ్యచర్మ కణాల్లో కొన్ని హరితరేణువులు కేంద్రకాన్ని ఆనుకుని ఉంటాయి. తీవ్రమైన కాంతి పడినప్పుడు హరితరేణువులో పుట్టిన పెరాక్సైడ్ కేంద్రకానికి చేరుతోందని హైపర్2తో, పక్కన సైఫర్ నియంత్రణతో చూపించారు. స్ట్రోమాలో పెరాక్సైడ్‌ను తొలగించే ఆస్కార్బేట్ పెరాక్సిడేజ్‌ను పెంచితే ఆ కబురు ఆగింది, కణద్రవ్యంలో పెంచితే ఆగలేదు. అంటే పెరాక్సైడ్ కణద్రవ్యమంతా తిరిగి రాకుండా, ఆనుకున్న చోటునుంచే దాటుతోందన్నమాట. ఆకును రుబ్బి కొలిచే ఏ పద్ధతీ ఈ మాట చెప్పగలిగేది కాదు.

అదే ఏడాది మరో బృందం, అరబిడాప్సిస్ రక్షక కణాల్లో హైపర్‌ను పెట్టి, పీఐపీ2;1 అనే ఆక్వాపోరిన్ లేకపోతే పెరాక్సైడ్ లోపలికి చేరడం తగ్గుతుందనీ, పత్రరంధ్రం ఆబ్సిసిక్ ఆమ్లం అనే హార్మోన్‌కు మూసుకోదనీ చూపింది. 2019లో ఆర్‌ఓజీఎఫ్‌పీ2-ఓఆర్‌పీ1 ఉన్న అరబిడాప్సిస్‌లో, రోగకారక సంకేతం అందాక కణం లోపల జరిగే ఆక్సీకరణను నేరుగా కొలిచారు. 2021లో మిథైల్ వయోలోజెన్ వాడి, హరితరేణువులో మొదలైన ఆక్సీకరణ కణంలోని ఇతర భాగాల్లోనూ కనిపిస్తుందని తేల్చారు. ఆ మిథైల్ వయోలోజెనే మన రైతులు గడ్డిమందుగా ఎరిగిన పారాక్వాట్. ప్రయోగశాలలో సైతం చేతితొడుగులు లేకుండా దాన్ని ముట్టుకోకూడదు, మింగితే మనిషి ప్రాణానికి నమ్మదగిన విరుగుడు లేదు.

ప్రశ్న: వరి తెగుళ్ల మీద వీటిని వాడారా?

వాడారు. అయితే ఎక్కువగా శిలీంధ్రం వైపు నుంచి. అగ్గితెగులు కలిగించే మాగ్నపోర్తే ఒరైజేలో జీఆర్‌ఎక్స్1-ఆర్‌ఓజీఎఫ్‌పీ2ను పెట్టి, అది వరి కణంలోకి చొచ్చుకుపోతున్నంతసేపూ చూసిన పని 2014లో వచ్చింది. మొక్క చేసే ఆక్సీకరణ దాడికి శిలీంధ్రం లోపల కల్లోలం కనిపిస్తుందని ఎవరైనా అనుకుంటారు. కానీ శిలీంధ్రంలోని గ్లూటాథయోన్ గట్టిగా క్షయకరణ స్థితిలోనే నిలిచింది. తెలుగు నేల మీద అగ్గితెగులు, ఎండాకు తెగులు ఎంత నష్టం చేస్తాయో ఎరిగినవారికి, ఇదే చూపును వరి కణం వైపు నుంచీ సారించాలన్న కోరిక కలగడం సహజం. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో బఠాణీ ఆకు పొరల మీద పత్రరంధ్రాల సంకేతాలను రంగులతో దశాబ్దాలుగా అధ్యయనం చేశారు. రక్షక కణాల మీద అంత అనుభవం ఉన్న చోట బయోసెన్సర్ మొక్కలకు చేయడానికి పని ఎంతో ఉందని నా నమ్మకం.

ప్రశ్న: సెన్సర్ వల్ల మొక్క ఎదుగుదల దెబ్బతింటుందా? వెలుగు తరంతరానికి తగ్గుతోంది, ఎందుకు?

తగ్గడానికి సాధారణ కారణం జన్యువు నోరు నొక్కుకుపోవడం. జన్యువును నడిపించే భాగంగా వాడే 35ఎస్ ప్రమోటర్‌తో ఇది ఎక్కువ, అందుకే చాలామంది యూబీక్యూ10 ప్రమోటర్‌కు మారారు. ఇక ఓఆర్‌పీ1 కూడా ఒక పెరాక్సిడేజే కనుక, సెన్సర్ మితిమీరి తయారైతే అది కొలవవలసిన పెరాక్సైడ్‌నే కొంత తినేస్తుంది. వెలుగు సరిపడా ఉండి, ఎదుగుదల మామూలు మొక్కతో సమానంగా ఉన్న వంశాన్ని ఎంచుకోండి, కనీసం రెండు స్వతంత్ర వంశాల్లో ఫలితం చూపండి.

ప్రశ్న: మన దేశంలో ఈ మొక్కలు పెంచడానికి అనుమతి కావాలా?

కావాలి. ఇవి జన్యుమార్పిడి మొక్కలు, పర్యావరణ పరిరక్షణ చట్టం కింద వచ్చిన 1989 నిబంధనల పరిధిలోకి వస్తాయి. మీ సంస్థలోని జీవభద్రతా కమిటీకి ముందుగా దరఖాస్తు పెట్టాలి. విత్తనాలు విదేశం నుంచి తెప్పించుకునే ఆలోచన ఉంటే ఆ సంగతి కమిటీకి మొదటే చెప్పండి, దిగుమతి అనుమతి వేరే దారిలో వెళుతుంది.

ప్రశ్న: చిత్రాన్ని ప్రచురణకు ఎలా సిద్ధం చేయాలి?

నేపథ్యపు వెలుగును తీసివేసి, బలహీనమైన చుక్కలనూ, డిటెక్టర్ పరిమితి దాటి తెల్లబడిన చుక్కలనూ పక్కనపెట్టి, మిగిలినవాటికే నిష్పత్తి తీయాలి. ఫిజీ సాఫ్ట్‌వేర్‌లో ఇదంతా చేయవచ్చు, చిత్రాన్ని 32 బిట్లలోకి మార్చాకే భాగహారం చేయాలి. రంగుల పట్టీ కొసలు డీటీటీ, పెరాక్సైడ్ ఇచ్చిన రెండు అంచులే కావాలి. మీకు అనువైన చోట పట్టీని బిగిస్తే నీలం నుంచి ఎరుపుకు మారిన ఆకు కళ్లు చెదరగొడుతుంది కానీ, ఆ మార్పు ఆక్సీకరణలో మూడు శాతమే అయివుండవచ్చు. రంగు చిత్రం పక్కన కాలరేఖనూ, మందు పోయని మొక్క రేఖనూ, ఎన్ని మొలకల మీద చేశారో ఆ సంఖ్యనూ ఉంచండి. ఒకే మొలకలోని ముప్ఫై కణాలను ముప్ఫై నమూనాలుగా లెక్కించవద్దు.